సూదికిని విస్తరికిని నడుమ

ఇన్సులిను తీసికొనువారిద్దరు ఏ రైలుపెట్టెలోనో తటస్థపడినచో, క్షేమసమాచారములు ముగియకమునుపే "మీరు ఎన్ని యూనిట్లండీ?" అని ఒకరినొకరు అడిగికొందురు. 12 యూనిట్లవాడు 24 యూనిట్లవానిని జాలిగా చూచును; 24 యూనిట్లవాడు తన వ్యాధి పెద్దదైనందుకు ఒకవిధమగు ప్రతిష్ఠను కూడ అనుభవించును. ఈ సంఖ్యాభిమానము నాకెన్నడును రుచింపలేదు. దేహభారమును, శ్రమను, మూత్రపిండముల స్థితిని చూచి వైద్యుడు నిర్ణయించు మోతాదు ఒకరికి చాలినదైనను మరియొకరికి ప్రాణాంతకము కావచ్చును. అంతేకాదు, 40 బలము గల సీసాకు ఎఱ్ఱమూత సిరంజియు, 100 బలము గలదానికి నారింజమూత సిరంజియు ఉండగా, ఆ బలమైన మందును పొరపాటున ఎఱ్ఱమూతదానితో తీసినచో 10 పడవలసినచోట 25 యూనిట్లు పడును. సంఖ్య మాత్రము పదియనియే కనబడుచుండును! చాలకాలముగా భోజనమునకు ముందు పొట్టమీది చర్మమును రెండు వ్రేళ్లతో ఎత్తిపట్టి సూది గ్రుచ్చుకొనుచున్న నాకు తేలినదేమనగా, ఈ విద్యలో ఎంత అనుదానికంటె ఎప్పుడు అనునదియే కఠినతరమైన ప్రశ్న.

1922కు పూర్వము ఈ ప్రశ్నయే లేదు. అప్పటి వైద్యులు మధుమేహపీడితులగు బాలురకు అన్నము తగ్గించి తగ్గించి, వారిని అస్థిపంజరములుగా కొంతకాలము నిలుపగలిగిరేగాని అంతకుమించి చేయజాలకపోయిరి. ఆ సంవత్సరము జనవరి మాసమున టొరంటో నగరపు ఆసుపత్రిలో లియొనార్డు థాంప్సను అను 14 ఏండ్ల బాలునకు ఇన్సులిను ఎక్కించిన పిమ్మటనే, రోగి కడుపునిండ తినుటయు, తిండికిని సూదికిని పొత్తు కుదుర్చుకొనుటయు ఆరంభమైనవి. ఆరోగ్యవంతుని క్లోమము ముద్ద నోట పడుచుండగనే కావలసినంత రసమును రక్తములోనికి విడుచుచుండును. మనము చర్మము క్రిందికి పంపు మందు అట్లు కాదు. రెగ్యులర్ అని వ్యవహరింపబడు రకము పని మొదలుపెట్టుటకే అరగంట పట్టును. రెండు మొదలు నాలుగు గంటల నడుమ దాని ప్రతాపము పరాకాష్ఠ నందును. ఆపై ఆరేడు గంటలవరకును దాని శేషము దేహమున నిలిచియుండును. మెత్తగా వండిన సన్నబియ్యపుటన్నమో, గంట తిరుగకమునుపే చక్కెరయై రక్తమున పొంగును. త్వరితముగా పనిచేయు కొత్త రకములు పావుగంటకే అందుకొని, మూడు నుండి అయిదు గంటలలో విరమించును గాని వెల యెక్కువ. పొట్టమీద వేసినది తొడమీద వేసినదానికంటె వేగముగ ఎక్కును. ఒకేచోట పదేపదే పొడిచి గడ్డకట్టిన చర్మములో వేసినది ఎప్పుడెక్కునో దానికే తెలియవలెను.

ఇక విస్తరి సంగతి. వండిన అన్నము 100 గ్రాములలో పిండిపదార్థము ఇంచుమించు 28 గ్రాములుండును. ఎన్ని గ్రాములకు ఒక యూనిటు చొప్పున వేసికొనవలెనో వైద్యుడు చెప్పును. మనము చేయవలసినది, చేయి కడుగుకొనకమునుపే ఎంత తినబోవుచున్నామో నిశ్చయించుకొనుట. ఇది తెలుగువానికి బహుకష్టము. పప్పన్నముతో ఆరంభించి, పులుసులోనికి కొంత కలుపుకొని, పెరుగు దగ్గరకు వచ్చునప్పటికి "ఇంకొంచెం వేయనా?" అను ప్రశ్న వచ్చితీరును. సూదిలోని లెక్క మొదటి వడ్డనకు సరిపోయినదే. మారు వడ్డనకు అందులో పాలు లేదు. నేతితో తడిసిన బొబ్బట్టు, నూనెలో వేగిన గారె మరియొక విధమున మోసగించును. క్రొవ్వు జీర్ణమును మందగింపజేయుటచేత రెండవ గంటలో గ్లూకోమీటరు సాధువుగనే పలుకును. నాలుగవ గంటలో, త్వరితపు మందు అలసి తొలగిన పిమ్మట, చక్కెర పైకి లేచును. దానిని చూచి మందు పనిచేయలేదని నిందించువారిని ఎందరినో ఎరుగుదును.

భోజనమైన రెండు గంటలకు 230 అని యంకె కనబడగానే మరి నాలుగు యూనిట్లు పొడుచుకొనుట అంతకంటె ప్రమాదకరము. మొదటి మోతాదు ఇంకను లోపల పనిచేయుచునేయున్నది. లాకు తలుపెత్తినంతనే నీరు చివరి చేనికి చేరదని యెరిగిన లస్కరు, తొందరపడి రెండవ తలుపెత్తడు. ఆ నిగ్రహము లేనివానికి నడిరేయి చెమటలు పోయును, చేతులు వణకును, గుండె దడదడలాడును. మీటరు 70కి దిగువను చూపును. అప్పుడు మూడు చెంచాల చక్కెర, అనగా సుమారు 15 గ్రాములు, నీటిలో కలిపి త్రాగి, 15 నిమిషములు ఊరకుండి మరల పరీక్షించుకొనవలెను. ఇచ్చటను ఓర్పే. భయముతో డబ్బాలోని లడ్డూలన్నియు ఆరగించినవాడు తెల్లవారి 300 చూచి మరల సూదికై వెదకికొనును.

ఇంటిలో ఈ కాలనిర్ణయము సాధ్యమే. చిక్కంతయు పరుల యింటి శుభకార్యములయందే. "అయిదు నిమిషాల్లో విస్తళ్లు వేసేస్తామండీ" అని చెప్పిన మాటను నమ్మి సూది వేసికొన్నవాని యెదుట తలంబ్రాలు జరుగును, ఫొటోలు తీయుదురు, మొదటి బంతి వియ్యాలవారితో నిండును. ఈలోపల ఏ పెద్దమ్మయో వచ్చి, "ఒక్క బొబ్బట్టుకేమవుతుంది నాయనా, ఇంకో రెండు యూనిట్లు ఎక్కువ పొడుచుకో" అని వైద్యము చెప్పును. త్వరితపు మందు వాడువారు విస్తరిలో అన్నము కనబడినపిమ్మట వేసికొన్నను తప్పులేదు. రెగ్యులర్ వారికి ఆ సౌకర్యము లేదు గనుక జేబులో గ్లూకోజు పొట్లముండక తప్పదు.

కావున పెండ్లిండ్లు, గృహప్రవేశములు చేయు గృహస్థులకు నా మనవి యొక్కటి కలదు. అతిథి యెవరైన మెల్లగా దగ్గరకు వచ్చి "వడ్డన ఎప్పుడండీ?" అని యడిగినచో ఆకలి తొందర యని నవ్వకుడు, అయిదు నిమిషములని ఓదార్చకుడు. ముప్పావుగంట పట్టునట్లున్నచో ముప్పావుగంట యనియే చెప్పుడు.