మూడు తలల జ్వరం

వానాకాలంలో తార్నాక చౌరస్తా మందుల దుకాణం దగ్గర కాసేపు నిలబడండి. "పెయ్యంత కాలుతున్నదన్నా, గోలీ ఇయ్యి" అంటాడొకతను. "రాత్రంత చలిజరం, రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలే" అంటుంది వెనకున్నామె. అక్కణ్ణుంచి ఉస్మానియా క్యాంపస్‌లోకి అడుగుపెడితే లైబ్రరీ నిండా గ్రూప్స్ పరీక్షల జ్వరం. 1969లో ఇదే క్యాంపస్‌లో తెలంగాణ కోసం రాజుకున్న వేడిని మాత్రం జ్వరమని తీసిపారేయడానికి నాకు మనసొప్పదు. ఆ వేడికి కారణం ఉంది.

కారణం లేని వేడి ఎలా ఉంటుందో భాగవతం దశమస్కంధం ఉత్తరభాగంలో, బాణాసురుడి కథలో ఉంది. పొద్దుగూకినా చల్లారని ఆర్ట్స్ కాలేజీ రాతిమెట్ల మీద కూర్చుని పోతన చేతుల్లో ఆ ఘట్టం చదివినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. కలలో చూసిన అనిరుద్ధుడి కోసం ఉష విరహంతో కాగిపోతుంది. ఆమె తండ్రి బాణుడికేమో వెయ్యి చేతులు. యుద్ధం లేక అవి తీట పెడుతుంటే, నాకు సమ ఉజ్జీ నువ్వు తప్ప ఎవడూ లేడని సాక్షాత్తూ శివుడితోనే అంటాడు. శత్రువు ఎవరో తెలియకముందే యుద్ధం సిద్ధమైపోయింది! యుద్ధోన్మాదానికి ఇంతకు మించిన రోగలక్షణం నేనెక్కడా చదవలేదు.

చివరికి బాణుడు బంధించిన మనవడు అనిరుద్ధుడి కోసం కృష్ణుడు, భక్తుడు బాణుడి కోసం శివుడు దిగి, శోణితపురం దగ్గర హరిహరులే తలపడతారు. భూతగణాలు చెదిరిపోయాక మూడు తలలు, మూడు కాళ్లతో మాహేశ్వర జ్వరం దిక్కులు కాల్చుకుంటూ వస్తుంది. కృష్ణుడు చక్రం వెయ్యడు. వైష్ణవ జ్వరాన్ని వదులుతాడు. జ్వరం మీదికి జ్వరం! ఒకటి వేడి, ఒకటి చలి. మలేరియా పడి లేచినవాళ్లకు ఈ రణరంగం కొత్తది కాదు. దంతాలు కొట్టుకునే వణుకు, ఆ వెనకే నిలువునా మంట, రెండూ ఒక్క ఒంట్లోనే.

ఇక్కడే నేను ఆగిపోతాను. లోకాన్ని తపింపజేసే జ్వరం తానే తాపం ఓర్వలేక, చల్లగా ఉంటూనే కాల్చే నీ తేజస్సు భరించలేనని కృష్ణుడి పాదాల మీద పడి స్తుతిస్తుంది. భయానకం మన కళ్లముందే భక్తి అయిపోతుంది. కృష్ణుడు దాన్ని చంపడు. మన ఈ సంవాదం తలచుకునేవాళ్ల జోలికి పోవద్దని పంపేస్తాడు. బాణుడికి మాత్రం నాలుగు చేతులు మిగిల్చి తక్కినవన్నీ నరికేశాడు. ఆ నాలుగూ శివుడు వేడుకుంటే దక్కినవే. రోగం తనంతట తాను శరణంది, యుద్ధపు తీట అనలేదు. ఇంత లోతైన తేడాను కథ ఒక్క వ్యాఖ్య కూడా లేకుండా చూపించి ఊరుకుంటుంది.

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమి జాడ కనిపెట్టాడు. వెంటనే దైవానికి కృతజ్ఞతగా పద్యం రాసుకున్నాడు. శాస్త్రజ్ఞుడికీ ఆ ఘడియలో స్తుతే కావలసివచ్చింది. క్యాంపస్‌కు దగ్గర్లోని నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌కు ఆయన పేరే పెట్టారు. పాతతరం జనానికది కోరంటి (క్వారంటైన్) దవాఖానే.

దశమస్కంధమంటే రుక్మిణీ కల్యాణం దాకా చదివి పుస్తకం మూసేసేవాళ్లే ఎక్కువ. మీరు ఉత్తరభాగం కూడా తెరవండి. జ్వరం చేసే స్తుతిని గొంతెత్తి చదవండి.