‘పూజాయుధము’ అను మాట: ఒక విమర్శ

పురావస్తువులను సేకరించు ధనికులకొఱకు వెలువడు విక్రయపట్టికలలో రాతిగొడ్డళ్లకు ‘ప్రాచీనము, చెక్కడపుపనితనము గలది, పూజాయుధము’ అను మూడు విశేషణములు తఱచు కానవచ్చును. ఈ మూడింటి విలువ యెంతయో పరీక్షింపవలసియున్నది.

మొదటి రెండును ఒకచోట పొసగుట అరుదు. దక్షిణాపథమున నవీనశిలాయుగపు గొడ్డళ్లు చేసిన తావులలో బళ్లారి చెంతనున్న సంగనకల్లు ప్రసిద్ధము. అచటివారు డోలరైటు అను నల్లరాతిని కొట్టి, పొడిచి, నూరి పదును పెట్టిరి. లతలు, మృగములు చెక్కుట ఆ పనివారి లక్షణము కాదు. రాయి పాతదైనంతమాత్రమున దానిపై చెక్కడము పాతది కానేరదు.

ఇక మూడవది. ఈ గొడ్డళ్లు పుట్టినది పనికొఱకు. వేలయేండ్ల పిమ్మట అవి పొలములలో దొరకగా జనులు పిడుగురాళ్లని తలంచిరి. సేలము ప్రాంతపు సేర్వరాయన్ కొండలలో వానిని గుడులందుంచి కొలిచిరి. రాబర్టు బ్రూస్ ఫుట్ సేకరించిన శిలాయుధములు 1904లో మద్రాసు ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలకు చేరినవి. 1914లో అచ్చయిన వాని పట్టికలో అవి దొరకిన తావులు పేర్కొనబడినవి. కనుకనే అది నేటికిని శాస్త్రమునకు ఉపకరించుచున్నది. పూజ్యత రాతిలో లేదు; అది యున్న తావునందును, కొలుచువారి నమ్మికయందును కలదు. ఆ రెండింటిని చెప్పని పట్టికలో ‘పూజాయుధము’ అను మాట వెల పెంచుటకే కాని అర్థము చెప్పుటకు కాదు.

ఈ విచారము మనకేల యందురేమో! కోయంబత్తూరు, మధుర సీమలలోని రాజకంబళ నాయకుల మాలకోవెలలను చూడుడు. ఆయుధము పట్టిన వీరులును, వారి సతులును అచట శిలలపై నిలిచియున్నారు. ఇంట తెలుగు మాటలాడుచు బడిలో తమిళము చదువు ఈ కుటుంబములకు పూర్వుల చరిత్ర పుస్తకములలోకంటె ఆ రాళ్లయందే ఎక్కువగా నిలిచినది. ఆ వీరుడు ఏ యింటివాడో ఊరిపెద్దలు చెప్పగలరు. రాయి సంతకెక్కిననాడు వీరుని పేరు పోయి ‘ఆయుధధారి’ అను మాట మాత్రము మిగులును.

నూఱేండ్లు దాటిన ఇట్టి శిల్పములను ప్రైవేటు వ్యక్తులు విదేశములకు పంపుట 1972 నాటి పురావస్తు చట్టముచే నిషిద్ధము. కాని చట్టమునకు సాక్ష్యము కావలెను. శ్రీపురందాన్ నటరాజ విగ్రహము 2014లో ఆస్ట్రేలియానుండి మరలివచ్చుటకు, అది గుడిలోనుండగా తీసిన పాత ఛాయాచిత్రములు ముఖ్యాధారములైనవి. మన కోవెలల శిలలకును ఛాయాచిత్రము, తావు, వీరుని పేరు, పెద్దలు చెప్పు కథ కలిపి ఊరూర వ్రాసియుంచుట ఆవశ్యకము. ఆ కథ తెలుగున చెప్పగలవారు ఉండగనే యీ పని జరుగవలెను.