గోడకెక్కిన కొల్లేరు

నవంబరు వచ్చింది. సార్వా చేలు పసుపు తిరిగాయి. కొల్లేటి మీద గూడబాతులు దిగాయి. గ్రంథాలయ వారోత్సవాలకు సున్నం వేయించుకుని నిలబడ్డ ఊరి లైబ్రరీ గోడా, నీ మీదికి బొమ్మలెక్కే వేళయింది. నీకు నమస్కారం.

నీకు దీపాల వరసలు లేవు, బంగారు అంచుల ఫ్రేములు లేవు. ఈ మేకు నుంచి ఆ మేకుకు కట్టిన పురికొస, దానికి బట్టల క్లిప్పులు, క్లిప్పులకు డ్రాయింగు షీట్లు. పైన ఫ్యాను వేస్తే చాలు, చెరువులన్నీ కదులుతాయి, కొంగలన్నీ ఒక్కసారే రెక్కలాడిస్తాయి. దినపత్రిక కోసం వచ్చిన పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి తలెత్తుతాడు. గణపవరం లాంటి ఊళ్ళో ఇంతకన్నా వైభవం ఎవరికి కావాలి?

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయాలకు పండగ. పిల్లలకు చిత్రలేఖనం పోటీ పెట్టి, ప్రకృతిని గీయమంటారు. కొండ మొహం చూడని డెల్టా పిల్లవాడు కూడా ముందు రెండు కొండలే వేస్తాడు. వాటి మధ్య సగం సూర్యుణ్ణి పెడతాడు. కొండల్లోంచి ఒక ఏరు దింపుతాడు. వాడు చూసిన పుస్తకాల్లో ప్రకృతి అలాగే ఉంది మరి. కిటికీలోంచి చూస్తే కనుచూపు మేర బల్లపరుపు నేల. ఆ కొండల్ని రబ్బరుతో చెరిపేసి, వాటి చోట కాలవగట్టునూ గట్టు మీది తాటిచెట్లనూ నిలబెట్టిన రోజే వాడు చిత్రకారుడు. ఆ చెరిపిన మరకకు నమస్కారం.

ఆ చూపు ఈ గడ్డకు కొత్త కాదు. చిత్రకారుడు దామెర్ల రామారావు 1897లో రాజమండ్రిలో పుట్టాడు. ఆ ఏడే భీమవరం దగ్గర కుముదవల్లిలో వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయం పుట్టింది. గోదావరి దేశానికి ఒకే ఏడు ఒక కుంచె, ఒక పుస్తకాల బీరువా దొరికాయి. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే శిష్యుడు రామారావు. 28 ఏళ్ళు నిండకుండానే 1925లో మశూచికి బలైపోయాడు. అయినా ఆయన గీసినవి రాజమండ్రి ఆర్ట్ గ్యాలరీలో ఇవాళ్టికీ కళ్ళు తెరిచే ఉన్నాయి. భీమవరం గడ్డ మీద పుట్టిన అడివి బాపిరాజు కూడా ఆ కూల్డ్రే శిష్యుడే. ఒక చేత్తో ‘నారాయణరావు’ నవల రాశాడు, ఒక చేత్తో రంగులు కలిపాడు. నరసాపురంలో పుట్టిన బాపు గీసిన గీత మరో నిలువెత్తు సాక్ష్యం. రాతా గీతా ఒకే ఇంటి బిడ్డలని ఈ నేల ఎప్పుడో ఒప్పుకుంది. పుస్తకాల పక్కన బొమ్మ వేలాడితే ఇక్కడ ఎవరికి వింత?

పుస్తకమూ ఇక్కడ నీళ్ళ దారినే నడిచింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం వెలిసింది. అయ్యంకి వెంకటరమణయ్య లాంటివాళ్ళు ఊరూరా తిరిగి తలుపులు తట్టారు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువలో పుస్తకాలను పడవెక్కించాడు. చదువుకునేవాళ్ళు రేవుల్లో ఎదురుచూశారు. కాలువలు తవ్వింది చేలకోసం. కాని తడిసినవి చేలు మాత్రమే కాదు.

ఇప్పుడు చెప్పు గోడా, నీ మీదికి ఎవరెవరు వస్తారు?

డ్రాయింగు మాస్టారు వస్తాడు. బళ్ళో గంట కొట్టాక మిగిలిన వెలుగులో వేసుకున్న నీటిరంగులు తెస్తాడు. సైన్‌బోర్డుల ఆర్టిస్టు వస్తాడు. ఎరువుల దుకాణాలకూ సినిమా హాళ్ళకూ ఎనామిల్ రంగుతో అక్షరాలు రాసిన చెయ్యి అది. ఫ్లెక్సీ వచ్చి ఆయన పని లాక్కుంది. ఆ చెయ్యి ఊరుకోలేక, తాటిదోనె మీద నిలబడి గడ వేస్తున్న మనిషిని ఒక్క పట్టున దించింది. లేసు అల్లే అమ్మ వస్తుంది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆమె కొక్కెం సూదికి అంతకు ముందే పువ్వులన్నీ తెలుసు. తెల్ల దారంతో తామర రేకులు విప్పి, నల్లగుడ్డ మీద కుట్టి పెడుతుంది. వాకిట్లో ముగ్గుపిండితో చిలకల్ని వాల్చే పిల్ల, ఈసారి వాటిని కాగితం మీద వాల్చి తెస్తుంది. నెలగంట పెట్టడానికి ఇంకా నెల ఉంది. ఆమె వేళ్ళకు ఆగే ఓపిక లేదు.

ఇక రంగుల సంగతి. ఆకుపచ్చ ఒక్కటే అనుకునేవాళ్ళు ఈ గోడ ముందుకొచ్చి నిలబడాలి. నారుమడిది ఒక పచ్చ, పిలకలు వేసేటప్పటిది ఇంకొకటి, పొట్టదశలోది మరొకటి. నాచుది వేరు, తూడుది వేరు, కిక్కిస గడ్డి ఎండకు వాలినప్పటిది వేరు. గూడబాతు తెలుపులో బూడిద కలవాలి. ఎర్రకాళ్ళ కొంగ తోక దగ్గర గులాబి అంటీ అంటనట్టు ఉండాలి. నీలం బొల్లికోడి నీలం ఏ డబ్బాలోనూ సిద్ధంగా దొరకదు, కలుపుకోవాలి.

నీ ముందుకొచ్చే విమర్శకుల్ని తలచుకుంటే నాకు చెప్పరాని సంతోషం. పట్నం గ్యాలరీలో బొమ్మ ముందు నిలబడేవాడు రంగును మెచ్చుకుంటాడు. ఇక్కడివాడు నిజాన్ని వెతుకుతాడు. చేపలు పట్టే తాత ఒక్క చూపులో తేల్చేస్తాడు. “కొంగ కాలు మడిస్తే కీలు ముందుకి రాదురా అబ్బాయ్, వెనక్కి పోతుంది.” కోతలకెళ్ళే ఆవిడ వేలు పెట్టి చూపిస్తుంది. “గుర్రపుడెక్క పువ్వేశావు, బాగానే ఉంది. మరి పై రేకు మీద పసుపు చుక్కేదమ్మా?” కౌలురైతు అడుగుతాడు. “గింజ పాలు పోసుకున్న చేనైతే వెన్ను ఇంత నిటారుగా ఉంటుందేమయ్యా?” చదువు రాదని ఎన్నడూ ఈ గడప తొక్కనివాళ్ళు వీళ్ళు. బొమ్మలున్న రోజున మాత్రం ఈ గదిలో అందరికన్నా చదువుకున్నవాళ్ళు వీళ్ళే. వాళ్ళు చదివే లిపి నీళ్ళలో ఉంది, మట్టిలో ఉంది. వాళ్ళను లోపలికి పిలిచిన గోడా, నీకు రెండు చేతులా నమస్కారం.

వాళ్ళ సాక్ష్యం మనకు అవసరం. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు ఏనాడూ ఒక గీతలో నిలవలేదు. బుడమేరూ తమ్మిలేరూ తెచ్చి పోస్తే ఒళ్ళు విరుచుకుంది. ఉప్పుటేరు సముద్రానికి లాక్కుపోతే చిక్కింది. మనిషి దాన్ని చేపల చెరువులుగా కోసి గట్లు వేశాడు. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమన్నాం. 2002లో చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేర్చాం. 2006లో గట్లు పేల్చాం. మ్యాపుల మీద గీతలు ఇన్నిసార్లు మారాయి. నీళ్ళు ఏ గుమ్మం దాకా వచ్చేవో, ఏ చెట్టు మీద ఏ పిట్ట కాపురముండేదో మ్యాపు చెప్పదు.

గూడబాతుల్నే అడుగుదాం. ఈ చుట్టుపక్కల ఆరేడు అనే ఊళ్ళో ఒకనాడు అవి గుంపులుగా గూళ్ళు కట్టేవి. పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ 1949లో ఆ పక్షుల ఊరిని గురించి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో రాశాడు. మూడు దశాబ్దాలు తిరక్కుండానే ఆ కాలనీ ఖాళీ అయింది. 1978లో అదే పత్రికలో పోయినదాన్ని గురించి రాయాల్సి వచ్చింది. తరవాత గూడబాతులు మళ్ళీ కొల్లేటి అంచున ఆటపాక చేరాయి. కూర్చోవడానికి చెట్లు చాలక, అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద పిల్లల్ని పెంచుకుంటున్నాయి. ఆరేడు చెట్ల కింద నిలబడి ఆ ఊరివాడెవడైనా ఒక బొమ్మ గీసి, అది ఒక గ్రంథాలయంలో పదిలంగా ఉండి ఉంటే! ఏ చెట్లు, ఎంత ఎత్తున, కింద ఎవరి ఇళ్ళు, వాకిట్లో ఎవరు కళ్ళాపి చల్లుతున్నారు, అన్నీ ఇవాళ మనకు తెలిసేవి.

అందుకే గోడా, స్తోత్రం చాలించి కోరిక కోరుకుంటున్నాను. మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయానికి పోతుంది. కాబట్టి నువ్వు మా గోడవి, అడిగే హక్కు మాకుంది. 20వ తారీకు సాయంత్రం బహుమతులు పంచేశాక క్లిప్పులు విప్పి షీట్లను చుట్టచుట్టి అటక మీదికి విసరనివ్వకు. ప్రతి బొమ్మ వెనకా గీసినవారి పేరు, ఊరు, తేదీ రాయించు. ఏ గట్టు మీద నిలబడి చూశారో రాయించు. తాత దిద్దిన తప్పునూ పక్కన రాయించు. పుస్తకానికి వేసినట్టే నంబరు వేయించి, రిజిస్టరులో ఎక్కించి, బీరువాలో పెట్టించు.

ఏ స్తోత్రానికైనా చివర ఫలశ్రుతి ఉంటుంది కదా. ఇలా ఏటా గోడకెక్కించి, దించి, దాచుకున్న ఊరికి కలిగే ఫలం ఇది. ఇక్కడ నీళ్ళు ఎక్కడిదాకా ఉండేవని యాభై ఏళ్ళ తరవాత ఎవరైనా వాదానికి దిగితే, ఆ ఊరు అరవక్కర్లేదు. బీరువా తాళం తీసి, ఫలానా ఏడు ఫలానా బొమ్మ చూసుకోండి అంటే సరిపోతుంది.