ప్రాసెసర్‌కు వాల్వు తోడు

1842లో మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చినప్పటి నుంచి లూథరన్లూ, ఆ తర్వాత ఒంగోలులో బాప్టిస్టులూ నాటిన పాటల అలవాటు ఈ పత్తి, మిరప నేలల్లో గట్టిగా వేళ్లూనుకుంది. ఇప్పుడు ఆదివారం ఆరాధనలోనూ, ఉజ్జీవ సభల్లోనూ కుర్రాళ్లు గిటారు పట్టుకుంటున్నారు. ఆంప్లిఫయర్ మోసుకెళ్లే స్తోమత అందరికీ ఉండదు కాబట్టి గిటారు శబ్దాన్ని మలిచే డిజిటల్ ప్రాసెసర్‌ను నేరుగా మైకు సెట్టు మిక్సర్‌కు తగిలిస్తారు. పాట బాగుంటుంది, గిటారు మాత్రం చెవిలో గీరుతుంది.

దీనికి వాల్వు పెట్టె తగిలించమంటారు, కానీ ముందుగా చూడాల్సింది వాల్వు కాదు, గిటారు స్పీకరు పెట్టెను అనుకరించే ప్రాసెసర్‌లోని క్యాబినెట్ సెట్టింగు. గిటారు స్పీకరు 5, 6 వేల హెర్ట్జ్‌లు దాటితే దాదాపు పలకదు. సభల బాక్సుల్లోని హారన్లు అంతకు ఎంతో పైదాకా పలుకుతాయి. క్యాబినెట్ ఆపేసి ఉంటే ఆ గీరుడు ఏ వాల్వుతోనూ పోదు.

అది సరిచేశాక ట్యూబ్ బఫర్, అంటే వాల్వుతో నడిచే బఫర్ పెట్టె సంగతి. సంకేతం వాల్వు గ్రిడ్‌లోకి వెళ్లి క్యాథోడ్ నుంచి బయటికొస్తుంది. గెయిన్ ఒకటికి కాస్త తక్కువే, శబ్దం పెరగదు. కానీ ముందున్న యంత్రం మీద భారం వేయకుండా సంకేతాన్ని తీసుకుంటుంది, పొడవాటి వైరును బలంగా నడుపుతుంది. 1950ల చివరి ఫెండర్ బాస్‌మన్‌లో, దాన్ని చూసి 1960ల మొదట్లో చేసిన మార్షల్ జేటీఎం 45లో ఇదే పద్ధతి ఉంది. లావు తీగను గట్టిగా మీటి వినండి: గ్రిడ్‌లోకి కరెంటు పారి తరంగం కొస మెత్తగా వంగుతుంది. డిజిటల్ యంత్రంలో స్థాయి మించితే ఆ కొస నరికినట్టు తెగిపోతుంది.

అయితే ఒట్టి బఫర్‌కు తేలికపాటి సంకేతం ఇస్తే తేడా చాలా స్వల్పం. 12ఏఎక్స్7 వాల్వులో రెండు ట్రయోడ్లుంటాయి. మొదటిది సంకేతాన్ని పెంచి, రెండోది బఫర్‌గా మోసే పెట్టెనే నేను మెచ్చుకుంటాను. ప్లేటుకు 200 వోల్టులకు పైగా అందాలి. పన్నెండు వోల్టులతోనే గడిపేసే చౌక పెట్టెల్లోనూ ఎర్రటి వెలుగు కనిపిస్తుంది, అది హీటరుది. ఆ వెలుగును చూసి కొనకండి.

ప్రాసెసర్ అవుట్‌పుట్‌కూ మిక్సర్‌కూ మధ్య ఈ పెట్టెను పెట్టండి. పెట్టె ఉన్నప్పుడూ లేనప్పుడూ శబ్దం స్థాయి సమానంగా ఉండేట్టు చూసి పోల్చండి; కాస్త బిగ్గరగా ఉన్నదే బాగుందని చెవి నమ్మేస్తుంది. విజయవాడ రేడియోను వాల్వు సెట్లో విన్న పెద్దలకు తెలుసు, వేడెక్కేదాకా ఆగాలి. పాట మొదలయ్యే ముందు ఒకట్రెండు నిమిషాలు ఇవ్వండి. జనరేటరు మీద నడిచే సభల్లో స్టెబిలైజర్ వాడండి. లోపల ప్రాణాంతకమైన వోల్టేజి ఉంటుంది, స్విచ్ ఆపినా కొంతసేపు నిలుస్తుంది. మూత మీరు తెరవకండి.

చేతిలో డబ్బు తక్కువైతే మంచి క్యాబినెట్ సెట్టింగుతో ఆగిపోండి. మిగిలితేనే వాల్వు కొనండి.