చెట్టు అమ్మిన కాగితాన్ని ఎవరు చదవాలి?

కలప అనగానే మా బడి పిల్లలకు గుర్తొచ్చేది ‘పుష్ప’. 2021లో వచ్చిన ఆ సినిమాలో హీరో నడక, చేతి విసురు, దుంగలు దాచిన తీరు అందరికీ వచ్చు. కానీ ఆ కథలో మనకు పనికొచ్చే చోటు ఒకటే. ఇక్కడ ఇంతకు కొన్న దుంగ చెన్నైలో ఎంతకు పోతోందని పుష్ప ఆరా తీస్తాడు. ఆ ప్రశ్న ఏ పిల్లాడికీ గుర్తులేదు. సినిమా కూడా దాన్ని కొట్లాటల కింద కప్పేసింది. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పులకు 20 మంది చనిపోయారు. తమిళనాడు నుంచి వచ్చిన ఆ కూలీల్లో ఆదివాసులూ ఉన్నారు. చెట్టు కొట్టే చేతికీ చెట్టు ధరకూ ఎంత దూరమో తెరమీద చూసి తెలుసుకోలేం.

మన రచయితల మీద కూడా మాకు ఫిర్యాదు ఉంది. మన కథల్లో అడవి ఉంది, గార్డు ఉన్నాడు, కాంట్రాక్టరు ఉన్నాడు. 1882 మద్రాసు అటవీ చట్టం నుంచి 1922 మన్యం తిరుగుబాటు దాకా ఆ కోపానికి చరిత్ర ఉంది. దాన్ని మేము తక్కువ చేయడం లేదు. అయితే సొంత పట్టాలో పెరిగిన టేకు, దాని బేరానికి వచ్చిన వ్యాపారి మన రాతల్లో ఎక్కడ? సొంత చెట్టు అమ్ముకోవడం సిగ్గుపడే పని అన్నట్టు ఊరుకున్నాం. మనం ఊరుకుంటే లాభం వ్యాపారికే.

పద్మనాభం మండలంలో మా చిన్నమ్మకు కొంచెం జిరాయితీ మెట్ట ఉంది. గట్ల మీద టేకు, ఇంటి వెనక పనస. పెళ్లి ఖర్చు వచ్చిపడి టేకు అమ్మింది. వ్యాపారి చెట్ల చుట్టూ ఒకసారి తిరిగి, గంపగుత్తగా ఒక ధర చెప్పి, బయానా చేతిలో పెట్టాడు. “కాగితంలో ఏముందిలే అక్కా, అలవాటుగా రాసుకునేదే” అన్నాడు. డిగ్రీ చదివిన కొడుకు సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు గానీ కాగితం చదవలేదు. అందులో “సదరు భూమిలోని చెట్లన్నీ” అని ఉంది. టేకుతో పాటు పనస కూడా లారీ ఎక్కింది.

ఆ కాగితం మేము తర్వాత చదివాం. కథను విమర్శించేటప్పుడు ఎవరి గొంతు వినిపిస్తోంది, ఎవరిది వినిపించడం లేదు అని చూస్తాం కదా, అలాగే చదివాం. కొన్నవాడికి అన్నీ హక్కులు, అమ్మినామెకు అన్నీ బాధ్యతలు. చెట్ల సంఖ్య లేదు, రకం లేదు, కొలత లేదు, నరికి ఎత్తడానికి గడువు లేదు. “అనుమతులన్నీ యజమాని చూసుకోవాలి” అన్న వాక్యం మాత్రం స్పష్టంగా ఉంది. పట్టా భూమిలో చెట్టు కొట్టడానికీ 2002 వాల్టా చట్టం అనుమతి అడుగుతుంది. కలప దారిలో వెళ్లడానికి అటవీ శాఖ పర్మిట్ కావాలి. కొన్ని రకాలకు సడలింపులున్నా టేకును అలా అనుకోకూడదు. రేపు లారీ పట్టుబడితే జవాబు చెప్పాల్సింది చిన్నమ్మే.

ఇక కొలత. దుంగ చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే గుణించి, పొడవుతో గుణించడం కలప వ్యాపారంలో పాత లెక్క. చుట్టు 4 అడుగులు, పొడవు 10 అడుగులైతే 10 ఘనపుటడుగులు వస్తాయి. మనం బడిలో చెప్పే స్థూపం సూత్రంతో చేస్తే 12.7 వస్తాయి. అంటే నూటికి 21 వంతులకు పైగా కలప లెక్కలోకి రాదు. కోతలో వృథా పోతుంది కాబట్టి ఆ తగ్గింపు అంటారు. ఉండవచ్చు. ధర చెప్పినప్పుడు ఏ లెక్క మీద చెబుతున్నారో అడగాలి కదా! గంపగుత్త బేరంలో ఆ ప్రశ్నకే చోటుండదు. సరుగుడు, నీలగిరి టన్నుల్లో అమ్మేవారిది ఇంకో తిప్పలు. నరికిన కర్ర ఎండేకొద్దీ బరువు తగ్గుతుంది. కాటా ఎప్పుడు, ఎవరి ఎదుట అన్నది ముందే రాసుకోవాలి.

పట్టాలన్నీ ఒకటి కావని కూడా చెప్పాలి. పద్మనాభం షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, ఇక్కడ 1/70 మనకు అండగా రాదు. ఏజెన్సీలో 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన భూమి వారసులకు దక్కుతుంది గానీ అమ్మడానికి వీల్లేదు. ఆ చట్టం చెప్పే చిన్నతరహా అటవీ ఫలసాయంలో కలప లేదు. కాబట్టి ఆ భూమిలో చెట్టుకు బేరం వస్తే ముందు అధికారులను అడగాలి. వ్యాపారి మాట చాలదు.

1794లో విజయరామరాజు కంపెనీ సైన్యంతో పోరాడి పడిపోయింది పద్మనాభంలోనే అని మా పిల్లలు గడగడా చెబుతారు. దుంగ కొలవమంటే తలలు దించుకుంటారు. ఆ తప్పు పిల్లలది కాదు, మాది. చిన్నమ్మ కొడుకూ మా చేతి కింద చదివినవాడే. స్థూపం పాఠం వచ్చిన రోజు టేపు పట్టుకుని బడి పక్కనున్న చెట్టు దగ్గరకు వెళ్దాం. తెలుగు పీరియడ్‌లో ఒక అమ్మకం కాగితం చదివిద్దాం. యువ రచయితలారా, వచ్చే సంకలనానికి మీ ఇంట్లో జరిగిన ఒక చెట్టు బేరం రాసి పంపండి. ఎంతకు అమ్మారో, ఎలా కొలిచారో దాచకుండా రాయండి.