మారుమనస్సు అనే మాట

మత్తయి సువార్త తొలి భాగంలో బాప్తిస్మమిచ్చు యోహాను అరణ్యంలో నిలిచి జనాన్ని పిలిచేటప్పుడు తెలుగు బైబిలు వాడిన మాట ‘మారుమనస్సు’. అదే సువార్త చివర, గురువును అప్పగించిన యూదా ముప్పది వెండి నాణేలను వెనక్కి తెచ్చేటప్పుడు వాడినది ‘పశ్చాత్తాపం’. గ్రీకు మూలంలోనూ ఇవి రెండు వేర్వేరు క్రియలు. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదం రెండుచోట్లా ‘రిపెంట్’ అనే ఒక్క మాటతో సరిపెట్టింది. ఫ్రీమాంట్‌లో ఒకే ఇంట్లో అమ్మమ్మ తెలుగులోనూ, మనవరాలు ఆ పాత ఇంగ్లీషులోనూ ఈ అధ్యాయాలు చదివితే, యూదా చేసిన పనికీ యోహాను కోరిన పనికీ తేడా అమ్మమ్మకే ముందు తెలుస్తుంది. తెలుగు అనువాదకులు ఈ నియమాన్ని అన్నిచోట్లా పాటించారని కాదు. కానీ ఈ ఒక్కచోట పాటించడం చాలా పెద్ద విషయం. యూదా పడిన తాపం నిజమైనదే, తప్పు ఒప్పుకోవడమూ నిజమైనదే. అయినా అతను వెళ్ళి ఉరివేసుకొన్నాడు.

పశ్చాత్తాపం అంటే తరువాతి తాపం. జరిగిపోయినదాని వేడి అది. ముఖం వెనక్కి ఉంటుంది. మారుమనస్సు ముఖం ముందుకు ఉంటుంది. మార్కు సువార్తలో యేసు మొదటి బోధ మారుమనస్సునూ నమ్మకాన్నీ ఒకే పిలుపులో కలిపి చెప్పడానికి కారణం ఇదే: తిరగడం ఒక పని, నమ్మడం మరొక పని అనుకోవడానికి అక్కడ చోటు లేదు. ఇక ‘విశ్వాసం’ అనే మాటకు తెలుగులో నమ్మడమే కాక నమ్మినవారిని విడవకపోవడం అనే అర్థం కూడా ఉంది. విశ్వాసపాత్రుడు అన్నప్పుడు వినిపించేది ఆ రెండవ అర్థమే. నిండు మనసుతో విశ్వసించడం అంటే ఏమిటో వివరించడానికి ఇంగ్లీషు ప్రసంగీకులు పడే శ్రమలో సగం ఈ మాటే తీర్చేస్తుంది.

అయితే ‘మారు’లో ఒక ముల్లు ఉంది. మారుపేరు, మారుతల్లి, మారువేషం: ఈ జట్టులో మారు అంటే మరొకటి, అసలుదానికి బదులుగా నిలిచేది. మారుమనస్సు విన్న తెలుగు చెవికి మారువేషం కూడా లీలగా వినిపిస్తుంది. ఇది మనసు మారడమా, మనసుకు వేషం మారడమా? చిత్తశుద్ధిని గురించిన అనుమానం ఆ మాటలోనే కాపురం ఉంది.

మనకు అంతకుముందే ఉన్న మరో మాట ప్రాయశ్చిత్తం. తప్పుకు తగిన వ్రతమో దానమో చేసి లెక్క తేల్చుకోవడం. ఐరోపాలోనూ ఇదే తగాదా నడిచింది. లాటిన్ బైబిలులోని పదబంధాన్ని ప్రాయశ్చిత్తం చేయమనే ఆదేశంగా చదివే వీలుండేది. 1517లో మార్టిన్ లూథర్ ప్రకటించిన 95 వాదాల్లో మొదటిది ఈ మాట గురించే; విశ్వాసి బ్రతుకంతా ఆ తిరగడమే కావాలన్నది దాని సారాంశం.

తెలుగు క్రైస్తవ కీర్తనకు ఈ తేడా అంత బాగా పట్టుబడలేదు. పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803–1890) పల్లవి, అనుపల్లవి, చరణాల మూసనూ రాగతాళాలనూ సంఘంలోకి తెచ్చాడు. వాటితోపాటు శతకకవుల ఆత్మనిందా వచ్చింది. తాను పాపినని, దిక్కులేనివాడినని మొరపెట్టుకోవడం మనకు అలవాటైన గొంతు. ఆ గొంతులో ఆర్తి ఉంది, అందం ఉంది. కానీ అది తాపాన్ని పాడినంత బాగా తిరగడాన్ని పాడదు. తప్పు చౌదరిది కాదు. అరువు తెచ్చుకొన్న మూస తనకు తెలిసిన భావాన్నే పలుకుతుంది.

తిరగడం ఎలా ఉంటుందో చూడాలంటే ఒంగోలుకు వెళ్ళాలి. తాళ్ళకొండపాడుకు చెందిన తోళ్ళ వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం పొందాడు. అంతకుముందే అతను రాజయోగం బోధించే గురువుల దగ్గర అభ్యాసం చేసినవాడు. అతన్ని నడిపించింది పాపభీతి కంటే వెతుకులాట అనడం సబబు. అతని వెనుక మాదిగపల్లెలు కదిలాయి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ వారి ముందు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. వేదాంతం తెలిసినవారికి ఇవి మోటుగా తోస్తాయి. కానీ జాతరలో డప్పు కొట్టనన్న మాదిగవాడు ఆ క్షణాన ఊరి కట్టుబాటునే కాదన్నాడు. అతని మనసు ఎటు తిరిగిందో ఊరంతటికీ కనబడింది, దాని ఖరీదూ అతనే చెల్లించాడు.

1876–78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి చూపించాడు. బాప్తిస్మం అడిగినవారిని మాత్రం ఆపేశాడు. కూలి కోసం మనసుకు వేషం వేస్తున్నారేమోనన్నది అతని భయం. సాయం ముగిశాక కూడా వారు వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. తిండి కోసం మతం అనే పాత నింద వేసేవారు అంకెను గుర్తుపెట్టుకొని, దానికి ముందున్న ఎదురుచూపును మరిచిపోతారు. అందరి మనసూ ఒకేలా తిరిగిందని ఎవరూ చెప్పలేరు. రానివ్వకుండా ఆపినా నిలిచారన్నది మాత్రం కాదనలేం.

దీనికి తిరగేసిన బొమ్మ ఫ్రీమాంట్‌లోనే ఉంది. 1797 జూన్ 11న స్పానిష్ ఫ్రాన్సిస్కన్లు స్థాపించిన మిషన్ సాన్ హోసేలో ఓహ్లోనీలు, ఆపై లోపలి లోయల యోకుట్‌లు బాప్తిస్మం పొందారు. పొందాక అనుమతి లేకుండా వెళ్ళిపోయే వీలు లేదు. పారిపోతే సైనికులు పట్టితెచ్చేవారు. క్లౌ గుమ్మం దగ్గర ఆపాడు, ఇక్కడ గుమ్మం లోపలినుంచి గడియ వేశారు. మిషన్‌లో ఆల్కాల్దే పదవిలో ఉన్న ఎస్టానిస్లావ్ అనే యోకుట్ 1828లో తిరిగిరానని నిలిచి తిరుగుబాటు నడిపాడు. కాలిఫోర్నియాలో స్టానిస్లాస్ నదికి ఆ పేరు అతనివల్లనే వచ్చింది. 1829లో వయేహో సేనతో పోరాడాక అతను మిషన్‌కు తిరిగివచ్చాడు. 1806 నుంచి అక్కడున్న ఫాదర్ నర్సీసో దురాన్ అతని తరఫున వేడుకొన్నాడు, గవర్నర్ ఎచేయాందియా క్షమించాడు. దాన్ని తప్పిపోయిన కుమారుని కథలా చెప్పుకోవడం సులువు. కానీ ఆ కథలో కుమారుణ్ణి తేవడానికి తండ్రి సైనికులను పంపలేదు.