క్రిటిక్ అనే మాట

గుణదోషాలను చెరిసగం పంచి, తీర్పును కాలానికి వదిలివేయడమే విమర్శ అనే అభిప్రాయం మనలో చాలామందికి ఉంది. దీనికి నిష్పాక్షికత అని పేరు పెట్టుకున్నాము. నేను దీనిని అంగీకరించలేను. ఇంగ్లీషులో విమర్శకునికి వాడే 'క్రిటిక్' అనే మాట చరిత్రే ఈ అభిప్రాయానికి ఎదురు నిలుస్తుంది.

దాని మూలం ప్రాచీన గ్రీకు క్రియ 'క్రినో'. వేరుచేయడం, ఎంచుకోవడం, తీర్పు చెప్పడం దాని అర్థాలు. జల్లెడకు లాటినులో ఉన్న 'క్రిబ్రుమ్' అనే మాట కూడా దీనికి చుట్టమే. జల్లెడ పట్టిన మనిషి గింజ ఏదో, పొట్టు ఏదో చెప్పాలి గదా!

తీర్పరిని గ్రీకులో 'క్రితేస్' అన్నారు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఏథెన్సు నగరం డయొనీసియా ఉత్సవాలలో నాటక పోటీలు జరిపేది. పది తెగల నుంచి తెగకొకరు చొప్పున పదిమంది తీర్పరులను చీటీలు తీసి నియమించేవారు. వారు పండితులు కానక్కరలేదు, పౌరులైతే చాలు. కళపై తీర్పు చెప్పే హక్కు సామాన్య పౌరునికి ఉన్నదని ఆనాడే గుర్తించారు. అయితే ఆ పౌరులలో బానిసలు లేరు, స్త్రీలు లేరు. ఆ ప్రజాస్వామ్యం గొప్పను, దాని హద్దును కలిపే చూడాలి.

'క్రైసిస్' కూడా ఈ క్రియ నుంచి పుట్టినదే. గ్రీకులో దానికి నిర్ణయమని అర్థం. హిపోక్రటీసు పేర నిలిచిన వైద్య గ్రంథాలలో అది రోగికి బ్రతుకో చావో తేలే ఘడియ. నేడు మనం దానిని సంక్షోభమంటున్నాము. 1867లో వెలువడిన 'పెట్టుబడి' మొదటి సంపుటానికి మార్క్సు పెట్టిన ఉపశీర్షిక 'అర్థశాస్త్ర విమర్శ'. జర్మనులో ఆ విమర్శకు మాట 'క్రితీక్'. సంక్షోభాన్ని శోధించడం, విమర్శించడం అక్కడ ఒకే పని అయినాయి.

మాట పుట్టుక వాదానికి రుజువు కాదని ఆక్షేపించవచ్చు. నిజమే. మన 'విమర్శ'కు మూలమైన సంస్కృత ధాతువులో తడిమి చూడడం, ఆలోచించడం ఉన్నాయి. తీర్పుకు ముందు ఈ ఓర్పు కావాలి. పుస్తకం తెరవకముందే రచయిత ఏ పక్షమో విచారించి తీర్పు చెప్పేవారు మనలోనూ ఉన్నారు. అది జల్లించకుండానే పారబోయడం. జల్లించి కూడా నోరు విప్పకపోవడం అంతకంటె మేలైనది కాదు. ఈ నవల ఎవరి బాధను చెప్పింది, ఎవరి బాధను దాచింది? విమర్శకుడు సమాధానం చెప్పాలి, కారణాలు చూపాలి. ఆ కారణాలను తిరిగి జల్లెడ పట్టే హక్కు పాఠకులది.